మీకు అన్నిటికన్నా కష్టమనిపించిన ఫోటోగ్రఫీ ఏది? నాది మాక్రో, వాదనకి సిద్ధం

మూడోకాలు:

ఆరేళ్లుగా కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను, అందులో నాలుగేళ్లు పురుగుల వెంటే. నిన్న ఒక స్నేహితుడితో మాటామాటా వచ్చింది. వాడు ఆటల ఫోటోలు తీస్తాడు. "నీ పురుగులెక్కడికి పోతాయి, తీరిగ్గా కూర్చుని తీసుకోవచ్చు, మాకు ఆ సెకను పోతే పోయినట్టే" అన్నాడు. ఒళ్లు మండింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నా వాదన ఇది. మొన్న పొద్దున్నే ఆకు మీద ఒక జంపింగ్ స్పైడర్ కనిపించింది, అదే గెంతే సాలీడు, మొత్తం కలిపి అర సెంటీమీటరు ఉంటుందేమో. 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో ఒకటికి ఒకటి సైజులో, అంటే అది నిజంగా ఎంత ఉందో సెన్సార్ మీద అంతే పడేలా తీయాలంటే, లెన్స్ మూతిని దానికి జానెడు కన్నా దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ లెన్స్ లోపలి కన్నాన్ని ఎఫ్/8కి మూసినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది) ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు మందం, అది కూడా నిండుగా కాదు. నేను ఊపిరి పీలిస్తే ఫోకస్ కళ్ల మీంచి వీపు మీదకి పోతుంది, వదిలితే ముందున్న గాలిలోకి వస్తుంది. పోనీ ఇంకా మూద్దామంటే, అంత దగ్గర్లో ఎఫ్/8 అన్నదే వెలుతురు లెక్కలో ఎఫ్/16 లాగా పనిచేస్తుంది, అక్కణ్నుంచి ఇంకా మూస్తే డిఫ్రాక్షన్ వచ్చి, అంటే సన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు చెదిరి, బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ఫ్రేములు తీసి కంప్యూటర్లో కలుపుకుందామంటే అది మూతి దగ్గర చేతుల్లాంటివి రెండు ఆడిస్తూనే ఉంటుంది, కలిపాక చూస్తే నాలుగు చేతులు.

నలభై నిమిషాలు మోకాళ్ల మీద. 212 ఫోటోలు. ముందున్న నాలుగు కళ్లూ షార్ప్‌గా వచ్చినది ఒక్కటి. అందులో కాలు ఒకటి ఫ్రేమ్ బయట.

"ఏ పని కష్టం ఆ పనిదే" అనే సమాధానం మాత్రం వద్దు, దండం పెడతాను. ఒక్కటి చెప్పండి, ఎందుకో చెప్పండి.

---

రెప్పపాటు:

మీ సాలీడుకి ఎనిమిది కళ్లున్నా ఒక్క రెప్ప కూడా లేదు, అదృష్టవంతులు. నాకు కష్టమైనది గ్రూప్ ఫోటో. నవ్వకండి.

గ్రూప్ ఫోటో అంటే అందరూ చిన్నచూపు చూస్తారు, "నిలబెట్టి నొక్కడమేగా" అని. ముప్ఫైమందిని నిలబెట్టి నొక్కి చూడండి. ఒకరు కళ్లు మూస్తారు, ఒకరు పక్కవాళ్లతో మాట్లాడుతుంటారు, వెనక వరసలో ఒకరి మొహం ముందాయన చెవి వెనక దాక్కుంటుంది, కళ్లజోడు ఉన్నవాళ్లకి ఫ్లాష్ తెల్లగా మెరుస్తుంది. అందరూ పడాలని వైడ్ లెన్స్ వేస్తే రెండు చివర్ల ఉన్నవాళ్లు అడ్డంగా సాగిపోతారు, తర్వాత నన్ను తిట్టేది వాళ్లే. ఒకసారి ఒకావిడ "నేను ఇంత లావా" అని అడిగింది, అది లెన్స్ తప్పమ్మా అంటే నమ్మలేదు.

ఈ రెప్పల సంగతి మీద ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థకి చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ అనే ఇద్దరు లెక్క కట్టారు, దానికి 2006లో ఇగ్ నోబెల్ (నవ్వు పుట్టించే పరిశోధనలకి ఇచ్చే బహుమతి) కూడా ఇచ్చారు. ఇరవైమంది లోపు గుంపైతే, మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించి అన్ని ఫోటోలు తీయాలి, వెలుతురు తక్కువైతే రెండుతో. అంటే పదిహేనుమందికి ఐదో, ఎనిమిదో తీస్తే ఒక్కటైనా అందరి కళ్లూ తెరుచుకుని ఉంటుందని. యాభైమంది దాకా వెళ్తే ఇక ఆశ వదులుకోవాల్సిందే. నేను ఈ లెక్క తెలియక ముందు నుంచీ ఊరికే పది తీసేవాణ్ని, తెలిశాక కూడా పదే తీస్తున్నాను.

నాకు పనిచేసే చిట్కా ఒకటుంది. "అందరూ కళ్లు మూసుకోండి, మూడు అనగానే తెరవండి" అంటాను. తెరిచిన వెంటనే చాలామంది రెప్ప వేయరు, పైగా కళ్లు మూసుకుని నిలబడ్డందుకు వాళ్లలో వాళ్లకే నవ్వొస్తుంది, ఆ నవ్వు బాగుంటుంది. అయినా ఒకడుంటాడు, మూడు అన్నాక మూస్తాడు. అలాంటివాడి తల వేరే ఫ్రేమ్‌లోంచి తెచ్చి అతికిస్తాను, ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

---

చెంచా:

మీ ఇద్దరికీ నమస్కారం. ఒక మామూలు స్టీలు చెంచా తీసుకోండి. తెల్ల కాగితం మీద పెట్టండి. ఫోటో తీయండి. తర్వాత మాట్లాడుకుందాం.

నేను ప్రొడక్ట్ ఫోటోలు తీస్తాను, పదకొండేళ్లుగా. ఈ పని కష్టం ఎక్కడుందో జనానికి అర్థం కాదు, ఎందుకంటే వస్తువు కదలదు, మాట్లాడదు, టైమ్ ఎంత కావాలంటే అంత ఉంటుంది. అసలు సమస్య ఏంటంటే మెరిసే వస్తువుకి సొంత రూపం అంటూ ఉండదు. మీరు తీసేది చెంచాని కాదు, చెంచాలో కనబడేదాన్ని. దాని వీపు వైపు గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి గది గదంతా అందులోకి వచ్చేస్తుంది, సీలింగు, కిటికీ, లైట్లు, స్టాండు, నా మొహం, నా చొక్కా. మొదట్లో ఎర్ర టీషర్ట్ వేసుకుని ఒక గరిటె తీశాను, ఫోటోలో గరిటెకి ఎర్ర జ్వరం వచ్చినట్టుంది. ఇప్పుడు పనికి నల్ల చొక్కానే.

పోలరైజర్, అదే మెరుపులు తగ్గించే ఫిల్టర్, పెట్టొచ్చుగా అంటారు. గాజు మీద, నీళ్ల మీద సరైన కోణంలో అది బాగా పనిచేస్తుంది, గాజుకైతే దానికి నేరుగా ఎదురుగా ఉండే గీత నుంచి 56 డిగ్రీల దగ్గర. కానీ పూత లేని లోహం మీద, మామూలు లైటు కింద, లెన్స్‌కి పెట్టిన పోలరైజర్ ఎంత తిప్పినా పెద్దగా తేడా రాదు. లైట్లకి కూడా పోలరైజర్ షీట్ కట్టి తీస్తే మెరుపు పోతుంది, నిజమే, కానీ మెరుపు పోతే చెంచా చచ్చిపోయి బూడిద రంగు రేకులా ఉంటుంది. మెరుపే కదా అమ్మాల్సింది.

సరే, చుట్టూ తెల్ల గుడ్డతో గుడారం కడతాం. అప్పుడు చెంచా అంతా తెల్లగా, అంచులు ఎక్కడున్నాయో తెలియకుండా, కాగితంలో కలిసిపోతుంది. దానికి మళ్లీ గుడారం లోపల సన్నగా కోసిన నల్ల అట్టముక్కలు రెండు పక్కలా నిలబెట్టాలి, వాటి నీడ లాంటి గీత చెంచా అంచు వెంట సన్నగా పాకుతుంది, అప్పుడు దానికి రూపం వస్తుంది. ఆ అట్ట అర అంగుళం జరిగితే గీత మధ్యలో విరిగినట్టు కనబడుతుంది. ఈ జరపడంలోనే సాయంత్రమైపోతుంది. ఇంత చేశాక గుడారంలో లెన్స్ కోసం పెట్టిన కన్నం ఉంటుంది చూశారూ, అది చెంచా నడిమధ్యలో నల్ల చుక్కలా కూర్చుంటుంది. పొడుగు లెన్స్‌తో దూరం నుంచి తీస్తే చుక్క చిన్నదవుతుంది, పోదు.

గాజు ఇంకో లోకం. వెనక నుంచి తెల్ల వెలుతురు ఇచ్చి అంచులు నల్లగా తేవాలి, లేదా వెనక నలుపు పెట్టి పక్కల నుంచి వెలుతురిచ్చి అంచులు తెల్లగా తేవాలి. ముందు నుంచి లైటు కొట్టారో, అంతే సంగతులు. ఇక దుమ్ము గురించి నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

---

డ్రాప్‌షాట్:

మూడోకాలు గారూ, మీ స్నేహితుడి పక్షాన వస్తున్నాను. మైదానంలో ఆటలు సులువే, ఎండ ఉంటుంది. ఇన్‌డోర్ బ్యాడ్మింటన్ తీయమనండి.

మ్యాచ్‌లో ఫ్లాష్ వేయనివ్వరు. హాల్లో వెలుతురు చూస్తే కంటికి బాగానే ఉంటుంది, కెమెరాకి మాత్రం చీకటి. ఎఫ్/2.8 లెన్స్, షట్టర్ 1/1000 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు) 6400, ఇక్కడితో మొదలు. ఆటగాడు ఆగుతాడు గానీ షటిల్ ఆగదు. సాత్విక్ సాయిరాజ్ 2023లో చేసిన గిన్నిస్ రికార్డు స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు. లెక్కేయండి, సెకనుకి 157 మీటర్లు. అంటే 1/1000 షట్టర్ తెరుచుకుని మూసుకునేలోపు షటిల్ పదిహేను సెంటీమీటర్లు పోతుంది, ఫోటోలో తెల్ల చీపురుపుల్లలా వస్తుంది. అది రికార్డు కోసం కొట్టిన దెబ్బ, పైగా రాకెట్ వదిలిన క్షణంలో కొలిచిన వేగం, ఈకల వల్ల వెంటనే తగ్గిపోతుంది, అయినా మామూలు మ్యాచ్‌లో కూడా సంగతి ఇలాంటిదే.

ఇంకో తలనొప్పి, లైట్ల మిణుకు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చాలా లైట్లు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి, కంటికి తెలియదు. 1/1000లో తీస్తే ఆ పెరగడం తగ్గడంలో ఒక ముక్క మాత్రమే మనకి దొరుకుతుంది. ఒక ఫ్రేమ్ బాగుంటుంది, పక్క ఫ్రేమ్ పసుపు, మూడోది సగం చీకటి. మొదటిసారి ఇది చూసి కెమెరా పాడైందనుకుని సర్వీసుకి తీసుకెళ్లాను, వాళ్లు రెండు వారాలు ఉంచుకుని ఏమీ లేదని వెనక్కి ఇచ్చారు. ఇప్పుడు కెమెరాల్లోనే మిణుకు చూసుకుని షట్టర్ కొట్టే సెట్టింగ్ ఉంటోంది, కొంత నయం.

నిజం చెప్పాలంటే కొత్త కెమెరాలు మా పని సగం చేసేస్తున్నాయి, కన్ను పట్టుకుని వదలవు, నొక్కకముందు జరిగినవి కూడా దాచిపెడతాయి. చెంచా గారికి ఏ కెమెరా కంపెనీ సాయం చేయడం లేదు, అది ఒప్పుకుంటాను.

---

మబ్బు:

నక్షత్రాల ఫోటోలు. కారణం నా పేరులోనే ఉంది.

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 20 ఎంఎం లెన్స్‌తో షట్టర్ పాతిక సెకన్లు దాటి తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి, ఇదంతా నేర్చుకోవచ్చు. మబ్బుని ఏం చేస్తాం. సంపూర్ణ సూర్యగ్రహణం ఎంత పెద్దదైనా ఏడున్నర నిమిషాలు మించదు, చాలావాటికి రెండు మూడు నిమిషాలే. దానికోసం ఏడాది ముందు నుంచి ప్లాన్ చేసుకుని వెళ్తే సరిగ్గా ఆ మూడు నిమిషాలకి ఒక మబ్బు ముక్క వచ్చి నిలబడింది. గ్రహణం వదిలిన పావుగంటకి ఆకాశం అద్దంలా ఉంది. ఈసారి 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకి పైనే ఉంటుంది. మళ్లీ వెళ్తాను, సిగ్గు లేదు.

---

పాతనెగెటివ్:

అందరి టెక్నిక్ కబుర్లూ చదివాను, బాగున్నాయి. నేను ఇరవై రెండేళ్లు ఒక పేపర్లో ఫోటోగ్రాఫర్‌గా చేశాను. మా పనిలో టెక్నిక్ ఏమీ లేదు, ఎఫ్/8 పెట్టుకో, అక్కడ ఉండు, అంతే. కష్టం ఏడుస్తున్న మనిషి ముందు కెమెరా ఎత్తడం.

దీన్ని పెద్ద మాటల్లో చెప్పడం నాకు ఇష్టం లేదు. 1993లో సూడాన్‌లో కెవిన్ కార్టర్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో, ఆకలితో వంగిపోయిన బిడ్డ, వెనక రాబందు, అందరికీ తెలిసిందే. 1994లో దానికి పత్రికారంగపు పులిట్జర్ బహుమతి వచ్చింది. "తర్వాత ఆ బిడ్డకి నువ్వేం చేశావు" అని ప్రపంచమంతా అడిగింది, అదే ఏడాది అతను ప్రాణం తీసుకున్నాడు. దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ ఆ ప్రశ్న మాత్రం మా అందరికీ మిగిలింది.

నాది చిన్న సంగతి. వరద తగ్గిన మూడో రోజు. ఇంటి ముందు కూర్చుని ఒక పెద్దాయన ఫ్రేమ్ కట్టిన ఫోటో మీద బురద తుడుస్తున్నాడు, బొటనవేలితో, మెల్లగా, ఒకే చోట. తీశాను. అడగలేదు. ఆరేడు ఫ్రేములు తీశాక ఆయన తలెత్తి చూశాడు. తిడతాడనుకున్నాను. ఆ ఫ్రేమ్ నా వైపు చాపి "దీన్ని మళ్లీ తీయడం అవుతుందా బాబూ" అన్నాడు. వాళ్లావిడ. ఆవిడది అదొక్కటే ఫోటో అట. ఒక బుగ్గ, ఒక కన్ను బురద తినేసింది.

ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. అలాంటప్పుడు ఊడదీయకూడదు, ఫోటో మీది పొర అద్దంతో పాటు వచ్చేస్తుంది. అద్దం మీంచే తీయాలి. ఎదురుగా పెట్టి తీస్తే అద్దంలో నేనూ నా కెమెరా తప్ప ఇంకేమీ కనబడటం లేదు. చివరికి ఒక నల్ల దుప్పటికి లెన్స్ పట్టేంత కన్నం కోసి, దాని వెనక నిలబడి, పక్క వాకిట్లోంచి వచ్చే వెలుతురులో తీశాను. గంట పట్టింది. ఆయన అంతసేపూ ఫ్రేమ్ జారకుండా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు, అరిచేతుల అంచులు ఇప్పటికీ ఆ ఫైల్లో ఉన్నాయి.

మొదట తీసిన ఫోటో మర్నాడు పేపర్లో మొదటి పేజీ. ఆయన దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆవిడ ప్రింటు తీసుకెళ్లి ఇచ్చినప్పుడు మాత్రం "కన్ను ఇలాగే ఉండేది" అన్నాడు. కన్ను నేను రెండో కన్ను చూసి తిప్పి అతికించినది.

---

చెంచా:

పాతనెగెటివ్ గారూ, ఆ దుప్పటి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చేసినదే సరైన పద్ధతి. అద్దానికి నేరుగా ఎదురుగా ఉన్నప్పుడు పోలరైజర్ పనిచేయదు, నలుపు ఒక్కటే దారి. మేం స్టూడియోలో అన్ని సామాన్లు పెట్టుకుని చేసేది కూడా అదే.

---

రెప్పపాటు:

తల అతికించడం గురించి నేను పైన జోక్ చేశాను కదా. ఇప్పుడు ఏదోలా ఉంది.

---

పాతనెగెటివ్:

ఏమీ అనుకోకండి, నేనూ అతికించినదే కదా.

---

చీకటిగది:

ఆలస్యంగా వచ్చాను. పాతనెగెటివ్ గారి మాటకి పక్కనే ఇంకోటి పెడతాను. పోర్ట్రెయిట్. అందులో కూడా ఫోకస్ గొడవ ఉంది, 85 ఎంఎం లెన్స్ ఎఫ్/1.4లో మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది సెంటీమీటరు పైచిలుకు, కనురెప్ప బాగుంటే ముక్కు పోతుంది. కానీ అసలు కష్టం ఎదుటివాళ్లు పెట్టుకొచ్చిన "ఫోటో మొహం" వదిలించడం. 1941లో కెనడా పార్లమెంటులో బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ని తీసేటప్పుడు ఫోటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ ఆయన దగ్గరికెళ్లి నోట్లోంచి చుట్ట లాగేశాడు, ఆ కోపం మొహమే ప్రపంచమంతా చూసిన ఫోటో. నేను అలా చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకాయన్ని తీస్తూ "ఫోన్ పక్కన పెడతారా" అన్నందుకే లేచి వెళ్లిపోయాడు.

---

మూడోకాలు:

అందరికీ థ్యాంక్స్. రెండుసార్లు చదివాను. ఒకటి గమనించారా, నేను అడిగినది మీకు కష్టమైనది, మీరందరూ చెప్పినది మీరు రోజూ చేసేది. నేను కూడా అంతే. మాక్రో కష్టమన్నాను గానీ, అది నాకు వచ్చు. తిట్టుకుంటూనే రేపు పొద్దున మళ్లీ వెళ్తాను.

నిజంగా నాకు రానిది ఏదని రాత్రి హార్డ్ డిస్క్ తిరగేశాను. నాలుగేళ్లలో మనుషుల ఫోటోలు పదిహేడు. అందులో తొమ్మిది వెనక నుంచి. మిగిలినవాటిలో అన్నీ దూరం నుంచి, ఎవరూ నా వైపు చూడటం లేదు. సాలీడు కళ్లలోకి జానెడు దూరం నుంచి చూసే నేను, ఇంట్లోవాళ్లని కూడా "ఇటు చూడు" అని అడగలేకపోయానన్నమాట. అడిగితే ఎక్కడ బాగా రాదో అని కాదు, అడగడమే. దీనికి ఏ లెన్స్ వాడాలో చెప్పకండి.

స్నేహితుడికి ఫోన్ చేసి నువ్వు గెలిచావు అనలేదు, అనను కూడా. బ్యాడ్మింటన్ లెక్క మాత్రం పంపించాను, చూసి "మరి నేను చెప్పలేదూ" అన్నాడు.

ఇక చెంచా. తీశాను. తెల్ల దుప్పటి గుడారం కట్టాను, నల్ల అట్టలు పెట్టాను, అంచు గీత ఎడమ వైపు బాగానే వచ్చింది, కుడివైపు రెండు ముక్కలైంది. నడిమధ్యలో మీరు చెప్పిన నల్ల చుక్క. దాన్ని పెద్దది చేసి చూస్తే, అందులో లెన్స్, లెన్స్ పైన దుప్పటి సందులోంచి నా ముక్కు. రెండున్నర గంటలు పట్టింది ఆ ముక్కుకి. 100 ఎంఎంతోనే తీశాను, ఇంకా పొడుగు లెన్స్ నా దగ్గర లేదు. చుక్కని ఇంకేమైనా చేయొచ్చా?

---

చెంచా:

చెంచాని కొంచెం పక్కకి తిప్పండి, చుక్క వంపు దిగి పిడి మొదలయ్యే చోటికి జరుగుతుంది, అక్కడ ఎలాగూ నల్ల గీత ఉంటుంది కాబట్టి కలిసిపోతుంది. దుప్పటి సందుని బట్టల క్లిప్పుతో మూసేయండి. ముక్కు ఉన్న ఫోటో చెరిపేయకండి, ఇక్కడ పెట్టండి, మనుషుల ఫోటోల్లో పద్దెనిమిదోది అదే కదా, పైగా నేరుగా లెన్స్ వైపే చూస్తున్నారు.